కొండదారిలో తనంతట తానే నడిచే కారు

మా తమ్ముడు బెంగుళూరులో కొత్త కారు కొన్నాడు. మా చిత్తూరు వైపు బండి కొంటే ముందు కాణిపాకం, తర్వాత తిరుమల. కాణిపాకం ముందురోజు సాయంత్రమే అయిపోయింది. అక్కడ పూజారిగారు బానెట్ మీద పసుపు, కుంకుమ పెడుతుంటే మా తమ్ముడు "స్వామీ, అద్దం వెనక కెమెరా ఉంది, దాని మీద మాత్రం పెట్టొద్దండీ" అని బతిమాలుకున్నాడు. ఆయన నవ్వేసి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. కారుకు కన్ను ఉందని నాకు తెలిసింది అప్పుడే.

కన్ను ఒక్కటే కాదట. ముందు బంపర్లో రాడార్ కూడా ఉందట. రోడ్డు మీద తెల్లగీతలు చూసుకుని తనే స్టీరింగు తిప్పుకుంటుంది. ముందు బండి నిదానిస్తే తనూ నిదానిస్తుంది. ఏదైనా అడ్డమొస్తే తనే బ్రేకు వేసుకుంటుంది. "ఇంక నువ్వెందుకురా మధ్యలో?" అంది అమ్మ. అమ్మ వేళాకోళానికే అంది గానీ, ఆ మాటే నాకు ఈ ప్రయాణమంతా చెవిలో మోగుతూ ఉండింది.

పెరటాసి నెల. తెల్లవారుజామున నాలుగింటికి చిత్తూరులో బయలుదేరాం. తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. చింతపండు పులిహోర, పెరుగన్నం, అమ్మకు ఘాట్‌లో వాంతులవుతాయని నాలుగు నిమ్మకాయలు, కాస్త శొంఠి కట్టుకున్నాను. మావారు ముందు సీట్లో, అమ్మా నేనూ వెనక.

పూతలపట్టు దాటింది. రోడ్డు బాగుంది, చీకటిగా ఉంది. మా తమ్ముడు ఒక వేలు స్టీరింగుకి ఆనించి వెనక్కి తిరిగి "చూడు మా, నేను పట్టుకోలా, అదే పోతాంది" అంటున్నాడు. చెయ్యి తీస్తే అది కీచుమంటుంది. అందుకని అప్పుడప్పుడు ఒకసారి అలా కదిలిస్తే చాలట. మావారు కూడా ముచ్చటగా మీటర్ల వైపే చూస్తున్నారు.

పెరటాసి నెలలో మా రోడ్ల సంగతి ఇక్కడివాళ్ళకు తెలుసు. అరవనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని, నెత్తిన మూటలతో జనం తిరుమలకు నడిచి వస్తుంటారు. రాత్రి చల్లగా ఉంటుందని ఎక్కువగా రాత్రిళ్ళే నడుస్తారు. ఆ రోజు ఒక లారీ సగం రోడ్డు మీద, సగం మట్టిలో ఆగి ఉంది. నడిచేవాళ్ళు దాన్ని చుట్టుకుని మా దారిలోకి వచ్చారు. నాకు లైటు వెలుగులో పసుపు రంగు మెరిసింది. "రేయ్, మనుషులు!" అని అరిచాను. వాడు తిరిగి చూసి బ్రేకు మీద నిలబడ్డాడు. పెరుగన్నం డబ్బా ఎగిరి ముందుకు పడింది. అమ్మ నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. కారు వాళ్ళకు ఆరేడు అడుగుల దూరంలో ఆగింది. గుంపులో ఒక పెద్దాయన మా లైట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు, "గోవిందా" అన్నాడు, నడిచిపోయాడు. వాళ్ళలో ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చంద్రగిరి వచ్చాక వాడు నెమ్మదిగా "అదే ఆగుండేది అక్కా" అన్నాడు. ఆగేదో, ఆగేది కాదో. ఆ కారు అంతకుముందే కూత వేసిందని వాడంటాడు, నా అరుపే ముందని మావారంటారు. ఈ తగువు ఇంకా తెగలేదు.

ఈ విషయం మా పెద్దబ్బాయికి చెబితే, వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు లెండి, వాడికి తెలిసిన సంగతులు చాలా చెప్పాడు. బండి తనంతట తాను నడవడంలో సున్నా నుంచి ఐదు దాకా మెట్లు ఉన్నాయట. ఇప్పుడు మన దేశంలో జనం కొంటున్న ఇలాంటి కార్లు రెండో మెట్టు వరకే. అంటే పని బండి చేస్తుంది, కాపలా మనిషి కాయాలి. ఈ కాపలా దగ్గరే వస్తోందట తంటా అంతా. నార్మన్ మాక్‌వర్త్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక గడియారం ముల్లును చూస్తూ కూర్చోమని మనుషులకు చెప్పాడట. ముల్లు ఎప్పుడో ఒకసారి ఒక గంతు ఎక్కువ వేస్తుంది, అది కనిపెట్టాలి, అంతే. అరగంట తిరక్కముందే వాళ్ళు తప్పులు చెయ్యడం మొదలుపెట్టారట. యుద్ధకాలంలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ళ కోసం చేసిన పరీక్ష అది.

తర్వాత 1983లో లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే ఆవిడ, ఆడమనిషే, ఒక వ్యాసం రాసిందట. సులువైన పనంతా యంత్రానికిచ్చి, దానికి చేతగాని కష్టమైన ఘడియలో మాత్రం మనిషిని పిలుస్తాం. ఆలోగా మనిషికి చేతి అలవాటు తప్పిపోతుంది, మనసు ఎక్కడో ఉంటుంది అని ఆవిడ వాదన. కార్ల గురించి కాదు, ఫ్యాక్టరీలూ విమానాల వంటి వాటి గురించి రాసింది. నాకు మాత్రం వెంటనే మా పాల కుక్కర్ గుర్తొచ్చింది. గిన్నెలో పాలు కాచిన రోజుల్లో ఒక కన్ను అటే ఉండేది, పొంగడం అరుదు. ఈల వేసే పాల కుక్కర్ కొన్నాక ఈలను నమ్ముకుని దొడ్లోకి పోవడం అలవాటైంది. దానిలో నీళ్ళు పోయడం మరిచిపోయిన రోజున ఈలా లేదు, పాలూ లేవు, గిన్నె మాడి కూర్చుంది.

అమెరికాలో 2018 మార్చిలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీ అనే ఊళ్ళో, తనంతట తాను నడిచే పరీక్ష కారు ఒకటి రాత్రిపూట సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఆవిడను గుద్దింది. ఆమె చనిపోయింది. ఆ కారు ఆవిడను గుద్దడానికి ఐదున్నర సెకన్ల ముందే ఏదో అడ్డం ఉందని పసిగట్టిందట గానీ, అది మనిషని తేల్చుకోలేకపోయింది. కాపలాకు కూర్చున్న డ్రైవరు ఫోనులో కార్యక్రమం చూస్తూ ఉందని విచారణలో తేలింది. ఇది విన్నప్పుడు నాకు ఆ పసుపు బట్టలే కళ్ళముందు మెదిలాయి.

మనవాళ్ళూ ఊరికే లేరు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఇంటెల్ కంపెనీతో కలిసి హైదరాబాదు, బెంగుళూరు రోడ్ల మీద తీసిన పదివేల బొమ్మలను 2018లో తయారుచేశారు. ఇది ఆటో, ఇది ఆవు, ఇది మట్టి అంచు అని 34 రకాలుగా గుర్తులు పెట్టి యంత్రానికి నేర్పడానికట. పరదేశపు రోడ్లు చూసి నేర్చుకున్న యంత్రానికి మన ఆటో ఏం తెలుస్తుంది పాపం! ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అనే కేంద్రం 2022 జులైలో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే మైదానం తెరిచింది. ఇంత జరుగుతోంది గానీ, నెత్తిన మూటతో చీకట్లో లారీని చుట్టుకుని వచ్చే మనిషి ఆ బొమ్మల్లో ఉన్నాడో లేదో మరి.

ఇక తిరుమల సంగతి. అలిపిరి దగ్గర తనిఖీ అయ్యాక ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది మొదటిది. మొదటిది 1944 ఏప్రిల్ 10న తెరిచారు. దాని ప్రణాళికలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పాలు ఉందని పెద్దలు చెబుతారు. అంతకుముందు కాలినడక, లేకుంటే డోలీ. రెండో రోడ్డు 1974లో వచ్చింది. ఈ కొండమీద వేగానికి ఒక చిత్రమైన కట్టడి పెట్టారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ కాకూడదు. అంతకన్నా ముందు చేరితే జరిమానా. గంటకింత అని కాక, ఇంత సేపు అని చెప్పడం బాగుంది కదా. అయితే మన డ్రైవర్ల తెలివి ఇంకా బాగుంటుంది. పైనుంచి దూకుడుగా వచ్చి, కింద గేటుకు ముందే చెట్ల నీడన ఆపి, టైము అయ్యేదాకా టీ కబుర్లు చెప్పుకునేవాళ్ళను నేనే చూశాను.

ఎక్కేటప్పుడు మా తమ్ముడు ఆ మీటా ఈ మీటా నొక్కి ఆ యంత్రాన్ని ఆపేశాడు. మెలికల దారుల్లో దాన్ని వాడొద్దని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉందట. మలుపులో గీత కనబడదు, ఎదురుగా కొండ గోడ కనబడుతుంది, అది బెదిరి బ్రేకు వేసినా వెయ్యొచ్చట. ఈ ముక్క ముందురోజే చదివుంటే అమ్మ నుదుటి మీద ఆ బొప్పి ఉండేది కాదేమో.

దర్శనం బాగా జరిగింది. దిగేటప్పుడు కారు దగ్గర మాడు వాసన తగిలింది. మాది కాదు, ముందున్న బండిది. క్లచ్ లేని కార్లలో చాలామంది కిందిదాకా బ్రేకు తొక్కుకుంటూనే వస్తారు. బ్రేకు వేడెక్కి పట్టు తప్పుతుంది. గేరు చేతితో తగ్గించుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇంట్లో ఎవరు నడిపినా ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి. 2022లో వచ్చిన కరెంటు బస్సులైతే దిగేటప్పుడు ఆ వేగాన్నే మళ్ళీ బ్యాటరీకి ఎక్కించుకుంటాయట. ఎవరి తెలివి వాళ్ళది.

దారిలో అక్కగార్ల గుడి దగ్గర డ్రైవర్లు బండి నిదానించి దణ్ణం పెట్టుకుంటారు. మా తమ్ముడు పూర్తిగా ఆపి, దిగి, కర్పూరం వెలిగించాడు. వాడికి అలాంటివి పెద్దగా పట్టవు. అమ్మ ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంది. అలిపిరికి వచ్చేసరికి యాభై రెండు నిమిషాలయింది.

చంద్రగిరి దాటేసరికి మళ్ళీ చీకటి పడింది. ఎదురుగా పసుపు బట్టల గుంపులు వస్తూనే ఉన్నాయి. వాడు కారు పక్కన ఆపి, మావారిని వెనక్కి పంపి, "అక్కా, నువ్వు ముందరికి రా. నీకు కండ్లు బాగా తెలుస్తాయి" అన్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి నడిపాడు. మిగిలిన పులిహోర నా ఒళ్ళోనే ఉంది గానీ, చిత్తూరు దాకా నేనూ తినలేదు, వాడూ అడగలేదు.