గడ్డి కింద ఊరు

కాన్సాస్‌లో చూడటానికి ఏముందండీ అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, "ఏముంది, గడ్డి!" అంటారు ఇక్కడి పాతకాపులు. ఆ మాట నిజమే గానీ, ఆ గడ్డి ఏమంత చిన్న సంగతి కాదు.

పోయిన సెప్టెంబరులో మన తెలుగు బడి పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి కోంజా ప్రెయిరీ చూసొచ్చాం. కాన్సాస్ సిటీ నుంచి కారులో రెండు గంటలు, మన్హాటన్ అనే ఊరి పక్కన (న్యూయార్కుది కాదు, మన కాన్సాస్ మన్హాటనే). ఒకప్పుడు కెనడా నుంచి టెక్సాస్ దాకా పరుచుకున్న ఎత్తుగడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతులు. తక్కినదంతా చాలావరకు దున్ని మొక్కజొన్న, సోయా వేసుకున్నారు. ఈ గుట్టల్లో పైమట్టి పలచన, కింద సున్నపురాయి, చెకుముకిరాయి. నాగలి దిగక బతికిపోయింది. 1980 నుంచి శాస్త్రజ్ఞులు దీన్ని ముక్కలుగా విడదీసి, కొన్నిటిని ఏటా, కొన్నిటిని ఇరవై ఏళ్ళకోసారి తగలబెడుతూ ఏం జరుగుతుందో చూస్తున్నారు.

"కాల్చేస్తే మళ్ళీ ఎలా వస్తుంది అంకుల్?" అని అడిగాడొక బుడతడు. అసలు సంగతి అక్కడే ఉంది. ఇక్కడి మొక్కల బరువులో సగానికి పైగా నేల కిందే ఉంటుంది. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేళ్ళు రెండు మీటర్లు దాటి దిగుతాయి. ఆ వేళ్ళలోకి కంటికి కనపడని బూజు చొరబడి, బయట మట్టిలోకి దారాల్లా పాకుతుంది. దాని పేరు మైకోరైజా. మన ఊళ్ళలో రైతులకి 'వ్యామ్' పేరుతో అమ్మే జీవన ఎరువు ఈ కుటుంబానిదే. వేరు చేరలేని చోటినుంచి భాస్వరం తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. 1980లలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు మట్టిని శుద్ధిచేసి, ఈ బూజు లేకుండా బ్లూస్టెమ్ నాటితే గిడసబారిపోయింది. బైసన్లు, పువ్వులు అంతా ఫ్రంట్ ఎండ్ అన్నమాట. మాబోటివాళ్ళకి ఇలా చెబితే గానీ ఎక్కదు!

కోంజా రక్షిత ప్రాంతం కనుక అక్కడి మట్టి ముట్టుకోలేదు. ఇంటి వెనక గడ్డిలోది ఒక గుప్పెడు తీసి, టిష్యూ కాగితంలో మూటకట్టి, నీళ్ళు పోసిన గరాటులో ఉంచాం. గరాటు కాడకి రబ్బరు గొట్టం, దానికో క్లిప్పు. మర్నాడు అడుగు నుంచి నాలుగు చుక్కలు వదిలి మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరిగే వెంట్రుకల్లాంటివి! నులిపురుగులు అనగానే తల్లులు కంగారుపడ్డారు. కడుపులో పడేవి కావండీ, ఇవి వేరు. చదరపు మీటరు గడ్డినేలలో లక్షల్లో ఉంటాయి. కొన్ని వేళ్ళని పీలుస్తాయి, కొన్ని బాక్టీరియాని మింగుతాయి. బాక్టీరియా ఒంట్లో నత్రజని ఎక్కువ, అంత వీటికి అక్కర్లేదు. మిగిలింది విసర్జిస్తే అది గడ్డికి తిండి. ఈ పురుగుల్ని ఉచ్చువేసి పట్టే బూజులు కూడా ఉన్నాయి. పురుగు దూరగానే సెకనులో పదో వంతులో ఉంగరం బిగుసుకుంటుంది. పిల్లలు ఆ కథ మూడుసార్లు చెప్పించుకున్నారు.

ఒక తండ్రి అడిగారు, "పోయిన మైదానాల్లో మళ్ళీ విత్తనాలు చల్లితే సరిపోదా?" అని. గడ్డి మొలుస్తుంది. కానీ దున్నిన నేలలో చెదిరిన ఆ కింది ఊరు దశాబ్దాలు గడిచినా పూర్తిగా తిరిగి రాదు. అరుదైన మొక్కలైతే అసలు నిలదొక్కుకోవు. అందుకే కాన్సాస్‌లో కొన్నిచోట్ల పాత ప్రెయిరీ బూజుని నారుతో కలిపి నాటి చూశారు. అలా నాటినవి బాగా బతికాయి. మా అమ్మ ఎవరికైనా మొక్క ఇస్తే వేరుకంటిన మట్టి దులపనిచ్చేది కాదు. "పుట్టిన మన్ను కాస్త ఉండనీరా" అనేది. నేనది చాదస్తమనుకునేవాణ్ణి.

ఈ వసంతంలో బడి వెనక ఆరు బ్లూస్టెమ్ మొక్కలు మట్టిగడ్డలతో సహా నాటాం. రెండు పోయాయి. నాలుగు పిల్లల మోకాళ్ళ దాకా వచ్చాయి.