కాపలా కాసే ప్రేమ

సారా జె. మాస్ రాసిన ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ (2015) గురించి ఎవర్ని కదిపినా రెండు రకాల మాటలే వినిపిస్తాయి. “రాత్రంతా కూర్చుని చదివేశా” అనేది ఒకటి, “అదీ ఒక సాహిత్యమేనా?” అనేది రెండోది. నాకు మాత్రం ఈ రెండిటికన్నా, దాన్ని ఇష్టంగా చదివినవాళ్ళు తమలో తాము పడే గొడవ ఆసక్తిగా ఉంటుంది.

ఇందులో ఫేరీలంటే రెక్కలున్న చిట్టి దేవతలు కారు. మన గంధర్వులకి దగ్గరి చుట్టాల్లా ఉంటారు. అందం, మాయ, వందల ఏళ్ళ ఆయుష్షు, దానికి తగ్గ అహంకారం. వేటాడి ఇంటిల్లిపాదినీ పోషించే ఫేరా అనే మనిషి పిల్ల, తోడేలు రూపంలో ఉన్న ఒక ఫేరీని చంపుతుంది. అందుకు బదులుగా టామ్లిన్ అనే ఫేరీ ప్రభువు ఆమెని తన రాజ్యానికి పట్టుకుపోతాడు. ప్రేమ పుడుతుంది. అతని శాపం విడిపించడానికి ఆమె ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మొదటి పుస్తకం అయ్యేసరికి చాలామంది పాఠకులు టామ్లిన్ వైపే.

2016లో రెండో పుస్తకం వచ్చింది. అదే టామ్లిన్, ఆమెని కాపాడుకోవడం కోసమే అంటూ గడప దాటనివ్వడు. చివరికి మాయతో ఇంట్లోనే బంధిస్తాడు. ఇక్కడ పాఠకులు రెండుగా చీలిపోయారు. రీసాండ్ అనే కొత్త నాయకుడికి చోటివ్వడానికి రచయిత్రి టామ్లిన్‌ని కావాలని చెడగొట్టిందని కొందరు. మొదటి పుస్తకం మళ్ళీ తిరగేయండి, ఆమె మంచి ఏదో తనే తేల్చేసి ఇంటికి పంపించేసింది ఇతనే కదా అని ఇంకొందరు. నా ఓటు రెండో పక్షానికే, కానీ మొదటివాళ్ళ మాటా కొట్టిపారేయలేం. రచయిత్రి టామ్లిన్ మీద అంత దయగా లేదు.

టేకుమట్లలో మా చిన్నమ్మ బిడ్డ డిగ్రీ అయ్యాక ఈ పుస్తకాలన్నీ ఫోన్‌లోనే చదివింది, తెలియని ఇంగ్లీషు మాటల్ని దాటేసుకుంటూ. వాక్యం పల్చగా ఉంటుంది, అవే విశేషణాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి అని నేను ఏదో చెప్పబోతే మధ్యలోనే ఆపేసింది.

“అదంత ఇడిసెయ్యన్నా. రీసాండ్ గూడ గట్లనే చేసిండు గదా?”

తను అంటున్నది 2021లో వచ్చిన ‘ఎ కోర్ట్ ఆఫ్ సిల్వర్ ఫ్లేమ్స్’ గురించి. కాన్పులో ఫేరా ప్రాణం పోవచ్చని రీసాండ్‌కి తెలుసు. ఆమెకి చెప్పడు, మిగతావాళ్ళనీ చెప్పనివ్వడు. చివరికి అక్క నెస్టా కోపంలో బయటపెట్టేస్తుంది. రీసాండ్‌ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళకే ఇది మింగుడుపడలేదు. టామ్లిన్ చేస్తే బంధించడం, ఇతను చేస్తే ప్రేమానా అని నిలదీశారు. మా చెల్లె అడిగిందీ అదే.

తనకిప్పుడు సంబంధాలు చూస్తున్నారు. మొన్న వచ్చినవాళ్ళు, “మేం మంచిగ చూస్కుంటం, పిల్ల కొలువు చేసుడు ఎందుకు?” అన్నారట. ఇంట్లోవాళ్ళకి అది మంచి మాటగానే వినిపించింది. తనకి టామ్లిన్ ఇల్లు గుర్తొచ్చింది.

మనకిది కొత్త కథేం కాదు. పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు కాదని వెళ్ళిపోతే, వరూధిని దగ్గరికి ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె కోరుకున్నది ఆమెకి దొరికినట్టే ఉంటుంది, అసలు సంగతి ఒక్కటే తెలియదు. మనం ప్రవరుడి నిగ్రహం గురించి మాట్లాడుకున్నంతగా ఈ మోసం గురించి మాట్లాడుకోం. ఫేరీ నవలల పాఠకులు మాత్రం దాని దగ్గరే ఆగి వాదించుకుంటున్నారు: నాకు తెలియకుండా నా గురించి తీసుకున్న నిర్ణయం ఎంత ప్రేమతో తీసుకున్నా ప్రేమేనా? ఈ ప్రశ్న పుట్టించిన పుస్తకంలో వాక్యాలు పల్చగా ఉంటే ఉండనీ.

ఆ సంబంధం ఇంకా తేలలేదు. ముందు అబ్బాయితో ఒకసారి మాట్లాడతానని ఇంట్లో చెప్పిందట మా చెల్లె.