అవ్వ వకాల్తా

మాది నస్పూర్. ఆదిలాబాద్ జిల్లాగా ఉన్నది 2016లో మంచిర్యాల జిల్లా అయింది. 2023లో కొత్త కలెక్టరేట్ మా నస్పూర్‌లనే తెరిచిన్రు. 2025లో మమ్ముల మంచిర్యాల కార్పొరేషన్‌ల కలిపిన్రు. ఎన్ని పేర్లు మారినా మా వాడ మాదిగవాడే. తాత చెప్పులు కుట్టుడు ఇడిసిపెట్టి బొగ్గుబాయి బాట పట్టిండు. నాయిన ఒక కాంట్రాక్టరు దగ్గర లారీలు నింపి నింపి, నేను ఏడో తరగతిల ఉండంగ పోయిండు. అవ్వ నాలుగిండ్లల్ల అంట్లు తోమి నన్ను చదివించింది. మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఇప్పుడు సర్కారు బడిల పంతులమ్మను.

బొగ్గుబాయిల నడుమ పుట్టినోళ్లకు ప్రమాదం కొత్త మాట కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడే నేను తొమ్మిదో తరగతికి వచ్చిన. వాడంతా అదే ముచ్చట. బాయిల మనిషికి దెబ్బ తగిలితే ఏ దరఖాస్తు రాయాలె, ఎవరిని కలవాలె అన్నది మా దిక్కు చాయ్ హోటళ్ల కాడ గూడ చెప్తరు. యూనియన్ లీడరు వస్తడు, జెండా వస్తది. పనిలో ఉండగా దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టం అప్పుడు ఉండె. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది.

మరి బాయి బయటి మనిషి సంగతి? అంట్లు తోముకొని తొవ్వెంట ఇంటికి వచ్చే ఆడమనిషి మీద ఎవరి గోడనో కూలితే ఆమెకు యూనియన్ ఎక్కడిది, జెండా ఎక్కడిది? అది ప్రమాదం గూడ కాదు. కర్మ!

2004 వానాకాలం. మా వాడకు పోయే తొవ్వ పక్కన ఒక పటేలు గోదాము ప్రహరీ గోడ రెండేండ్ల సంది నెర్రెలు వాసి తొవ్వ మీదికి ఒరిగి ఉండె. వాడ పెద్దలు రెండుసార్లు చెప్పిన్రు. 'ఇయ్యాల రేపు' అన్నడు. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దుగూకంగ అవ్వ పనిల నుంచి వస్తుంటే గోడ కూలింది. కుడి మోకాలు నుజ్జునుజ్జయింది. వాడోళ్లే ఇటుకలు తీసి, మంచం మీద ఏసుకొని దవఖానకు మోసిన్రు. కాలుకు రాడ్ ఏసిన్రు. నెల రోజులకు అప్పు ముప్పై వేలు దాటింది.

అవ్వ ఇంటికి వచ్చినంక పటేలు మనిషి వచ్చిండు. మూడు వేలు, ఒక కాగితం తెచ్చిండు. "వానకు పడ్డది. పటేలు తప్పేమున్నది? జాలిపడి ఇస్తున్నడు. ఏలిముద్ర ఎయ్యి" అన్నడు. నేను పదో తరగతి. కాగితం గుంజుకొని గట్టిగ చదివిన. 'ప్రహరీ పక్కన మూత్రానికి కూర్చొనగా గోడ కూలినది. ఇందులో యజమాని తప్పేమీ లేదు. ఇకముందు ఎట్టి దావా వేయను' అని ఉన్నది. అవ్వ చెయ్యి ఎనుకకు తీసుకున్నది. "నేను నడుస్తుంటే పడ్డది. గిట్లెందుకు రాసిన్రు?" అన్నది. ఆ మనిషి నా దిక్కు చూసి, "చదువుకుంటే గిట్లనే ఉంటది" అన్నడు. ఆయన తిట్టు నాకు మెప్పు లెక్కనే వినబడ్డది.

వాడ పెద్దలు భయపడ్డరు. పటేలు పొలాల్లకు కైకిలి పోయేటోళ్లు వాళ్లు. వాళ్లను తప్పు పట్టను. భయం గూడ తిండి తోటి ముడిపడి ఉంటది.

మేము పోయిన మొదటి వకీలు అవ్వను వరండాల నిలబెట్టే మాట్లాడిండు. "ముందు రెండు వేలు, వచ్చినదాంట్ల సగం" అన్నడు. నాలుగు తెల్లకాగితాల మీద ఏలిముద్రలు అడిగిండు. వచ్చే పైసల్లో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు నిషేధమని, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలోనే ఆ మాట ఉందని నాకు తర్వాత తెలిసింది. తెలియకపోయినా అవ్వ మాత్రం ఏలిముద్ర ఎయ్యలేదు. "పటేలు ఒక్క కాగితమే తెచ్చిండు, ఈయన నాలుగు తెచ్చిండు" అని లేచి వచ్చింది.

అంబేద్కర్ సంఘం అన్న ఒకాయన అసలు సంగతి చెప్పిండు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, సెక్షన్ 12. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా సర్కారే వకీలును ఇవ్వాలె. కోర్టు ఖర్చులు గూడ భరించాలె. అవ్వ పేరు మీద కుల సర్టిఫికెట్ తీసినం. ఏ కులం పేరు మీద మమ్ముల గోడ అవతల పెట్టిన్రో, ఆ కులం కాగితమే మాకు వకీలును తెచ్చింది.

వచ్చిన వకీలు దేవుడేం కాదు. వాయిదాకు రాని రోజులున్నయి. కానీ కేసు తెలిసినాయన. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారపు స్తంభం కూలి మనుషులు చనిపోతే, భర్తను పోగొట్టుకున్న సుభగవంతి మున్సిపల్ కార్పొరేషన్ మీద దావా వేసింది. 1966లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. బాట పక్కన కట్టడం ఉన్న యజమాని దాన్ని భద్రంగా ఉంచాలి. లోపం తనకు కనబడలేదన్నా తప్పించుకోలేడు. మంచిగున్న కట్టడం ఉత్తగనే కూలదు; కూలిందంటే ఆ కూలుడే సాక్ష్యం. నా తప్పు లేదని యజమానే చూపించుకోవాలి. ఈ సంగతి మా వకీలు మా అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పిండు. "అంటే నెర్రెలను నేను చూపియ్యాల్సిన పని లేదా?" అని అడిగింది అవ్వ. "చూపిస్తే ఇంకా మంచిది, అమ్మా" అన్నడు.

కోర్టుల బంట్రోతు అవ్వను పూర్తి పేరుతోని పిలిచిండు. ఊరంతా 'ఓసే' అని పిలిచిన మనిషి. ఆ పేరు తనదే అని లేచేటందుకు ఆమెకు కొంచెం సేపు పట్టింది. ఎదుటి వకీలు అడిగిండు: "గోడ ఒరిగిందని తెలుసు గదా, దాని పక్కకు ఎందుకు పోయినవ్?"

"మా వాడకు అదొక్కటే తొవ్వ అయ్యా. ఇంకో తొవ్వ మీరు పెట్టలేదు."

వాన దేవుడి చేతిలది అన్నరు. అదే వానకు ఊర్లె మిగిలిన గోడలు నిలబడ్డయని మా వకీలు అన్నడు.

మూడేండ్లు తిరిగినం. 2007లో లోక్ అదాలత్‌ల అరవై వేలకు రాజీ అయింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. అది తెలిసే ఒప్పుకున్నం. అప్పులోళ్లు ఇంకో మూడేండ్లు ఆగరు. అప్పు తీరంగ మిగిలింది నా చదువుకు పోయింది. కాలు మాత్రం మళ్ల వంగలేదు. ఇది గెలుపా అని నన్ను విద్యార్థులు అడుగుతరు. న్యాయం సగమే దొరికింది. అయితే ఆ రోజు పటేలు, మా అవ్వ ఒక్క బల్లకు అటొకరు ఇటొకరు కుర్చీల మీద కూసున్నరు. మూడు వేల జాలి, అరవై వేల హక్కు ఒకటి కావు.

2019 డిసెంబర్ 2న తమిళనాడులో మేట్టుపాళయం దగ్గర నడూరులో ఒక పెద్ద ప్రహరీ గోడ దళితుల ఇండ్ల మీద కూలి 17 మంది చనిపోయారు. వాళ్లు అరుంధతీయులు, ఆ దిక్కు అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అది మమ్మల్ని దూరం పెట్టడానికి లేపిన అంటరాని గోడ అని అక్కడి జనం అన్నరు. యజమానిని అరెస్టు చేసిన్రు, బెయిలు వచ్చింది. గోదావరిఖనిలో 17, నడూరులో 17. గని ప్రమాదానికి విచారణ ఉంటది, రికార్డు ఉంటది. గోడను ఎంత ఎత్తు లేపాలె, ఎవరి దిక్కు ఒరగనియ్యాలె అన్నది మాత్రం కులం చూసుకుంటది.

అందుకే మా బడి పిల్లల తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్తుంట. ఇటుకలు ఎత్తకముందే ఫొటో తియ్యాలె. దవఖాన చీటీల దెబ్బ ఎట్ల తగిలిందో రాపియ్యాలె. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగ ఇస్తరు, అడగాలె. చదవకుండ ఏ కాగితం మీద ముద్ర ఎయ్యొద్దు, వకీలు ఇచ్చినా సరే. ఫీజుకు రసీదు అడగాలె. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవలోళ్లు పలుకుతరు.

అంబేద్కర్ బొంబాయి హైకోర్టులో వకీలుగా నిలబడిన మనిషి. కారంచేడు తర్వాత బొజ్జా తారకం సర్కారు వకీలు పదవిని ఇడిసిపెట్టి జనం దిక్కు నిలబడిన మనిషి. విగ్రహాలకు దండలు వేస్తున్నం, మంచిదే. కానీ మంచిర్యాల కోర్టు వరండాల మా అవ్వలాంటోళ్లు ఇంకా నిలబడే ఉన్నరు. వాళ్లకు కుర్చీ ఏసి, కాగితం చదివి వినిపించే వకీళ్లు మన వాడల నుంచే రావాలె. మా వాడ నుంచి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు లా చదువుతున్నరు. ఇద్దరు సరిపోరు.