నా పేరు రిజిస్టరులో, నేను మునగపాకలో

వార్డెనమ్మ గారికి, తోటి అప్పలకు, చెల్లెళ్లకు ఈ నాలుగు ముక్కలు.

సంక్రాంతి సెలవులు దగ్గరకొచ్చేశాయి. అందరం పెట్టెలు సర్దుకునే తొందరలో ఉన్నాం. అందుకే నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జరిగిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడు మా ఊళ్లో పనుల్లేక ఇంటిల్లిపాదీ కొండ దిగి మునగపాక పక్కకి పనికి వెళ్లారు. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం పోయే దారిలో ఉంది ఆ ఊరు. ఎటు చూసినా చెరకు తోటలే. చెరకు నరికి, గానుగాడించి, రసాన్ని పెద్ద పెనంలో కాచి బెల్లం దిమ్మలు కడతారు. అవి అనకాపల్లి మార్కెట్టుకు పోతాయి. సెలవులివ్వగానే నేను కూడా నేరుగా అక్కడికే వెళ్లాను.

మా తమ్ముడికి అప్పుడు ఏడాది. పాక్కుంటూ పొయ్యి దగ్గరకు పోయేవాడు. అమ్మ, అయ్య, అప్ప ముగ్గురూ తోటలో ఉంటే వాణ్ణి చూసే దిక్కు లేదు. "పది రోజులుండిపోవే, గుంటణ్ణి సూసుకో" అంది అమ్మ. ఆ పది రోజులు నెల దాటింది. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని, ఎండిన పిప్పి పొయ్యిలోకి తొయ్యడం కూడా నేర్చుకున్నాను.

బడిలో మాత్రం రోజూ నా పేరు పిలుస్తూనే ఉన్నారట. హాస్టలు నుంచి మా ఊరికి కబురు కూడా వచ్చిందట. ఊళ్లో ఇంటికి తాళం. ఆ కబురు ఎవరికి చెప్తారు?

నేను వెళ్తానని అడిగితే అయ్య, "ఎనిమిది దాకా సదివేవు, పేరు రాసుకోడం వచ్చు. ఇంకేటి కావాలి?" అన్నాడు. మా అయ్య చెడ్డవాడు కాదు. ముగ్గురి కూలితో అయిదుగురం తింటున్నాం. ఆ లెక్క నాకూ తెలుసు. అందుకే మాటాడలేకపోయాను.

అప్పుడు మాటాడింది మా అప్ప. తను ఎనిమిదితోనే ఆగిపోయింది. "నాను కూలి మానేసి గుంటణ్ణి సూత్తాను. దాన్ని పంపీ అయ్యా" అంది. ఆ రాత్రి ఎవరూ సరిగా అంబలి తాగలేదు. మర్నాడు అయ్య నన్ను బస్సెక్కించాడు. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కేవరకు నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇద్దరి కూలే.

సోషల్ పాఠంలో చదువుకున్నాం కదా. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం. 2006 నాటి చట్టం ప్రకారం 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చెయ్యకూడదు. మరి 14కీ 18కీ మధ్య ఉన్న నాలుగేళ్లు? మన తొమ్మిది, పది, ఇంటరు అన్నీ ఆ నాలుగేళ్లలోనే ఉన్నాయి. ఆడపిల్లలు బడిలోంచి జారిపోయేదీ అక్కడే. 2006లో బీహారులో తొమ్మిదిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోడానికి డబ్బులిచ్చారు. దానితో చేరేవాళ్లు పెరిగారు. మనకూ 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం వచ్చింది. చార్జీల్లేవనే మాట పోయింది. ఇంట్లో చంటిపిల్లణ్ణి ఎవరు చూడాలి అనే మాట పోలేదు.

అందుకని ఒక మనవి. సెలవులకు వెళ్లే ముందు, మన అమ్మానాన్నలు ఏ ఊళ్లో, ఎవరి తోటలో పనిలో ఉన్నారో, ఎవరి ఫోను పనిచేస్తుందో ఒక నోటుబుక్కులో రాసి వార్డెనమ్మ గారికి ఇద్దాం. అమ్మా, బడి తెరిచిన మొదటి వారంలోనే రానివాళ్లకి మీరు ఫోన్ చెయ్యాలి. నెల దాటితే మేము పనికి అలవాటు పడిపోతాం. ఇంటివాళ్లు మా పనికి అలవాటు పడిపోతారు.

నా రేకుపెట్టె మీద వేరే పేరు ఎందుకుందని మీరంతా అడుగుతుంటారు. అది మా అప్ప పేరు. తను చదువుకున్నప్పుడు పెయింటుతో రాసుకుంది. నేను చెరపలేదు. పది పాసయ్యాక ఆ పేరు కిందే నా పేరు రాసుకుంటాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
పదవ తరగతి