పొగ లేని పంటు

నార్వేలో బెర్గెన్ నగరం నుండి కారులో ఉత్తరానికి వెళ్లేవారికి దారి మధ్యలో సముద్రం అడ్డుపడుతుంది. కొండల నడుమ దేశంలోపలికి చొచ్చుకువచ్చిన అటువంటి సముద్రపు పాయను అక్కడ ఫ్యోర్డ్ అంటారు. ఈ దారికి అడ్డువచ్చేది సోగ్నె ఫ్యోర్డ్. పొడవు 200 కిలోమీటర్లకు పైమాటే. అత్యధిక లోతు 1,300 మీటర్లు. అందుచేత ఒప్పెడాల్ రేవులో కారుతో సహా ఫెర్రీ ఎక్కి, ఇరవై నిమిషాలలో అవతల లావిక్ రేవులో దిగాలి. కోనసీమ పాఠకులకైతే పంటు అంటే చాలు.

కొన్నేళ్ల క్రితం నేనూ మా శ్రీమతీ ఎక్కిన ఫెర్రీ పేరు ఆంపియర్. 2015లో ఆరంభమైన ఇది, పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్ల ఫెర్రీలలో ప్రపంచంలోనే మొదటిది. 120 కార్లు పడతాయి. ఆమె వాంతులు కాకుండా మాత్ర వేసుకొని మరీ ఎక్కింది. ఆనాడు నీరు చెరువులా నిశ్చలంగా ఉండి, మాత్రకు పనే లేకపోయింది.

నేను మాత్రం రేవు అనగానే ముక్కుకు తగిలే డీజిల్ వాసన ఏదీ అని చూస్తున్నాను. అది లేదు. కార్లను వరుసలో నిలిపే సిబ్బంది రోజంతా పీల్చేది కొండగాలి.

గోదావరి లంకల దగ్గర ఉద్యోగం చేసిన రోజులలో పంటు సరంగులు దగ్గుతో, ఆయాసంతో వచ్చేవారు. “బీడీ ముట్టలేదండీ డాక్టరుగారూ” అని ఒకాయన ఒట్టు వేసి చెప్పాడు. ఇంజను పక్కన ఇరవై యేళ్లు గడిపిన మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే చేర్చింది. రెండింటి ప్రమాదం సమానమని కాదు. క్యాన్సర్ కలిగిస్తుందనడానికి రుజువు అంత గట్టిదని అర్థం.

ఇదంతా ధనిక దేశపు వైభవమని కొట్టిపారేయకండి. ఆ రేవులు చిన్న పల్లెలు. ఫెర్రీ ఆగే పది నిమిషాలలో కావలసిన విద్యుత్తును అక్కడి తీగలు ఒక్కసారిగా ఇవ్వలేవు. అందుకని రెండు ఒడ్డులలోనూ బ్యాటరీలు అమర్చారు. మన మేడమీది నీళ్ల ట్యాంకు సన్నని ధారతో నిండి, కుళాయి తిప్పగానే జోరుగా ఇచ్చినట్లే. మన నదులకు ఇది అందని విద్య కాదని నా అభిప్రాయం.

అంతవరకు, పంటు ఎక్కినప్పుడు మీ బండి ఇంజను ఆపండి. పొగగొట్టం నుండి గాలి మీ వైపు వీచని చోట నిలబడండి. అక్కడ పనిచేసేవారికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ముందు తెమడ పరీక్ష చేయించండి. క్షయ లేదని తేలినా దగ్గు తగ్గకపోతే, ఊపిరితిత్తుల బలం తెలిపే స్పైరోమెట్రీ పరీక్ష కోసం వైద్యుని అడగండి.