పేపర్లో మా ఊరు

2005వ సంవత్సరం ఫిబ్రవరి నెల. మా పెద్దమ్మాయికి పల్నాడులో మాచర్ల వైపు నుండి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు. వారి సంఘపు అయ్యగారు, మా అయ్యగారు కలిసి చదువుకున్నవారు గనుక వారి ద్వారానే మాట కదిలింది. ఫొటోలు ఇటువారికీ అటువారికీ నచ్చాయి. ఇక వారు వచ్చి పిల్లను చూడడమే తరువాయి అనుకుంటుండగా అబ్బాయి తల్లిగారు ఫోను చేశారు.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీ మడకశిరకు పెనుకొండ ఎంత దూరం? మావాళ్ళు అటు రావాలంటే భయపడుతున్నారు. రోజూ పేపర్లో చూస్తున్నాం గదా!" అన్నారు.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఆ జనవరి 24వ తేదీన పెనుకొండ శాసనసభ్యులు పరిటాల రవి అనంతపురంలో హత్యకు గురయ్యారు. రాష్ట్రంలో అనేకచోట్ల బస్సులు తగలబడ్డాయి. పెనుకొండ పేరు లేని పేపరు ఆ రోజుల్లో లేదు. ఆ హత్య నిజం. అంతకుముందు కొన్ని గ్రామాల్లో కక్షల వల్ల ఎన్నో ఇళ్ళు దీపం లేనివైపోవడమూ నిజం. దానిని దాచిపెట్టడానికి నేనీ నాలుగు మాటలు రాయడం లేదు. కానీ ఆ కొన్ని గ్రామాల రక్తం మొత్తం సీమ ముఖాన పూసేస్తే, దానిని కడుక్కోవలసినవారు మాలాంటి సామాన్యులే. పెళ్ళి సంబంధాలప్పుడు, పట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు అది బాగా తెలిసివస్తుంది. 1999లో 'సమరసింహారెడ్డి' సినిమా వచ్చాక మా పిల్లలు ఏ ఊరి హాస్టల్లో చేరినా తోటివారు వేసే మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో బాంబులున్నాయా?" అనే. వారు నవ్వుతూనే అడిగేవారు. మా పిల్లలు మాత్రం నవ్వలేకపోయేవారు.

అయితే ఆ రోజు ఆమెతో చెప్పని మాట ఒకటి ఇప్పుడు ఒప్పుకోవాలి. ఈ సంబంధం సంగతి తెలిసిన సాయంత్రం నా భార్య అడిగిన మొదటి మాట, "మాచర్ల వైపా? అక్కడ ఎలక్షన్లొస్తే నాటుబాంబులు వేసుకుంటారంట కదండీ?" అని. నేను అవునన్నట్లు తల ఊపాను. పల్నాడులో నేను అప్పటిదాకా అడుగు పెట్టి ఎరగను. నాకు తెలిసిందంతా పేపరు చెప్పిందే! ఆమె మమ్మల్ని చూసి భయపడుతోంది, మేము ఆమెను చూసి భయపడుతున్నాం. ఇద్దరి చేతిలోనూ ఉన్నది పేపరే.

"వదినగారూ, ఒక్కసారి మీరే వచ్చి చూడండి. నచ్చకపోతే మానుకుందాం" అని నా భార్యే ఫోను అందుకుని చెప్పింది.

వారు వచ్చేసరికి మా వైపు చింతపండు కాలం. ఏ వీధిలో చూసినా ఆడవారు అరుగుల మీద కూర్చుని చింతకాయలు కొట్టి, గింజ తీసి, పీచు తీసి గంపలకెత్తుతున్నారు. ఒక ఇంట్లో చంద్రికల మీద పట్టుపురుగులు గూళ్ళు కడుతుంటే ఆమె చాలాసేపు నిలబడి చూశారు. ఆ గూళ్ళను హిందూపురం మార్కెట్టుకు తీసుకెళ్తారని, ధర్మవరం మగ్గాలకు పట్టు ఎక్కేది ఇటువంటి ఇళ్ళ కష్టం వల్లనే అని చెప్పాము. మా ఇంటి పక్కవారు కన్నడం మాట్లాడితే మేము తెలుగులో జవాబు చెప్పడం విని ఆశ్చర్యపోయారు. మూడు పక్కల కన్నడ సీమ ఆనుకుని ఉన్న ఊరు మాది. సగం ఇళ్ళల్లో ఒక వాక్యం కన్నడంలో మొదలై తెలుగులో ముగుస్తుంది. వెళ్ళేటప్పుడు ఆమె, "ఇవేవీ పేపర్లో రావేం అన్నయ్యగారూ?" అని అడిగారు.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నాకు అంతకు కొన్నేళ్ళ ముందే తెలిసింది. మా పక్క పల్లెలో బోరింగు దగ్గర వంతు కోసం రెండు కుటుంబాలు తగువుపడ్డాయి. బిందె తగిలి ఒకాయన నుదురు చిట్లింది. పెద్దలు మందలించారు. సాయంత్రానికి అందరూ ఒకే టీ అంగడి దగ్గర కూర్చున్నారు. తెల్లవారి ఒక పేపర్లో 'ఇరువర్గాల ఘర్షణ, గ్రామంలో ఉద్రిక్తత' అని వచ్చింది! ఆ వార్త పంపినవాడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడే. పిలిచి అడిగాను. వాడు తల వంచుకుని, "సార్, చింతపండు ధర పడిపోయిందని పదిసార్లు రాస్తే ఒకసారి వేస్తారు. గొడవ అని రాస్తే ఆ రోజే వేస్తారు. నాకు జీతం లేదు, అచ్చయిన కొలతను బట్టే డబ్బులు" అన్నాడు. నేను వాణ్ణి ఇంకేమీ అనలేకపోయాను. తప్పు వాడొక్కడిదే కాదు.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. 1989లో 'ఈనాడు' జిల్లాకొక ప్రత్యేక సంచిక మొదలుపెట్టింది. తరువాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దానివల్ల మేలు జరగకపోలేదు. మా ఊరి బడి, మా చెరువు, మా రోడ్డు గుంతలు మొదటిసారి అచ్చులో చూసుకున్నాం. కానీ ఆ పేజీలు మన జిల్లా దాటవు. మా పిల్లకు బహుమతి వస్తే మేమే చదువుకుంటాం, మాచర్లవారికి తెలియదు. మాచర్ల పిల్లకు వస్తే మాకు తెలియదు. జిల్లా గట్టు దాటి మొదటి పేజీకి ఎక్కేది ఎక్కువగా హత్య, కరువు, ప్రమాదం. ఇలా ఏళ్ళ తరబడి ఒకరి మంచి ఒకరికి కనబడకుండా, ఒకరి చెడు మాత్రం అందరికీ కనబడుతూ వచ్చింది. ఒక్క అబద్ధం రాయకుండానే ఒక సీమ గురించి అబద్ధపు బొమ్మ గీయవచ్చని నాకు అప్పుడే అర్థమైంది.

కరువు అన్నాను గనుక నా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమేనని పేపర్లు ఎన్నోసార్లు రాశాయి. నేనూ ఏళ్ళ తరబడి తరగతిలో అదే చెప్పాను. ఒకనాడు ఒక పిల్లవాడు అట్లాసు తెచ్చి, "బికనీరు సంగతేంటి సార్?" అన్నాడు. చూస్తే, పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. బికనీరు, బార్మేరుల్లో దాదాపు 300 లోపే. హిమాలయాల అవతల లేహ్‌లోనైతే 100 చుట్టుపక్కలే. మా ముందు ఎన్నో జిల్లాలున్నాయి! మాకు వాన తక్కువే, కాదనను. పడమటి కనుమల చాటున ఉన్నాం గనుక నైరుతి మబ్బులు అక్కడే కురిసి ఇటు ఖాళీగా వస్తాయి. ఐతే మా అసలు బాధ వేళకు రాకపోవడం. వేరుశనగ ఊడలు దిగే సమయంలో నెలరోజులు ముఖం చాటేసి, కోత వేళకు కుండపోతగా కురిస్తే రైతు ఏం చేస్తాడు? 'ఎడారి' అని పేరు పెడితే జాలి పుడుతుంది. ఉన్న వానను చెరువుల్లో ఎలా నిలుపుకోవాలి, ఒక్క వేరుశనగనే ఎందుకు నమ్ముకోవాలి అనే ఆలోచన పుట్టదు. తప్పుడు మాటవల్ల కలిగే నష్టం అదే.

పిల్లనిచ్చే ముందు మేమూ మాచర్ల వెళ్ళాం. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలు, దారి పొడుగునా ఎర్రగా ఆరబోసిన మిరప కల్లాలు. మేము భయపడిన ఆ ఊళ్ళో మాకు ఎదురైనది మజ్జిగ చెంబులతో నిలబడిన మనుషులు. ఆ ఏడు మే నెలలో పెళ్ళి జరిగింది.

ఆ తరువాత మా రెండు ఇళ్ళల్లో ఒక అలవాటు ఏర్పడింది. ఏ ఊరి గురించి చెడ్డ వార్త చదివినా, ఆ ఊళ్ళో మనవారెవరైనా ఉంటే ముందు వారిని అడుగుతాం. 2020 ఫిబ్రవరిలో పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీని తమిళనాడుకు తరలించే మాటలు జరుగుతున్నాయని రాయిటర్స్ వార్త ఇచ్చింది. కంపెనీ, ప్రభుత్వం రెండూ దానిని ఖండించాయి. ఈలోగా అక్కడ పనిచేసే పిల్లల తల్లిదండ్రులు, అప్పు చేసి అద్దె గదులు కట్టుకున్నవారు ఎంత తల్లడిల్లారో మేము చూశాం. ఆ రోజు మా అల్లుడు ఫోను చేసి, "మామయ్యా, ఇక్కడ అందరూ వెళ్ళిపోయిందనే అంటున్నారు. మీరు కనుక్కుని చెప్పండి, అప్పటిదాకా నేనెవరికీ చెప్పను" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఫ్యాక్టరీ నేటికీ అక్కడే ఉంది.

ప్రియ చదువరులారా, నజరేతు పేరు వినగానే నతనయేలు పెదవి విరిచిన సంగతి మనమంతా ఎరిగినదే. ఫిలిప్పు అతనితో వాదన పెట్టుకోలేదు, తనతో రమ్మని పిలిచాడు. మనవల్ల అయ్యేదీ అదే. 1800లో నైజాం మా ప్రాంతాన్ని కుంపినీవారికి అప్పగించినందున మాకు 'దత్తమండలాలు' అని పేరు పడింది. 1928లో నంద్యాల సభలో మా పెద్దలు ఆ పేరు వద్దని 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. ఒకరు పెట్టిన పేరును మార్చుకోవచ్చని వారు చూపించారు. మీ ఊరి గురించి తప్పు వార్త వస్తే ఊరుకోకుండా పత్రికకు ఉత్తరం రాయండి. మంచి జరిగితే విలేకరికి మీరే చెప్పండి. మరి ఇతరుల ఊరి గురించి చదివినప్పుడు, ఆ మాట ఇంటిలో పిల్లల ముందు అనే ముందు ఒక్క క్షణం ఆగండి.

మా మనవరాలు ఇప్పుడు వేసవికి ఇక్కడికి వస్తుంది, దసరాకు మాచర్ల వెళ్తుంది. ఇప్పుడు మడకశిర ఉన్నది శ్రీ సత్యసాయి జిల్లాలో, మాచర్ల ఉన్నది పల్నాడు జిల్లాలో. మొన్న ఎవరో ఆ పిల్లను, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. రెండు ఊళ్ళ పేర్లూ చెప్పింది. ఏ పేరు చెప్పడానికీ దానికి సంకోచం లేదు.