తాత జావాకి కొత్త చక్రాలు

పోయినసారి తాత జావా గురించి రాస్తామని చెప్పింటిమి. ఇంజన్ పని అయిపోయింది, ఈసారి చక్రాల కథ.

మేము అన్నదమ్ములం ఇద్దరం చదివింది కన్నడ మీడియం. కన్నడంలో ‘గాలి’ అంటే చక్రం. చిన్నప్పుడు అవ్వ “బండికి గాలి లేదంటరా” అంటే, చక్రం ఎవరో ఎత్తుకపోయినారని బయటికి పరిగెత్తినాము. ఇప్పటికీ ఇంట్లో నవ్వుతారు.

తాత బండి మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైంది. 1961లో మొదలై 1996లో మూతపడిన ఫ్యాక్టరీ అది. ఆ జావాకి 16 అంగుళాల చక్రాలు, 3.25-16 టైర్లు. 3.25 టైరు వెడల్పు, 16 రిమ్ము కొలత, రెండూ అంగుళాల్లోనే. “18 వేసేయండి, ఎక్కడైనా దొరుకుతాయి” అని చానామంది చెప్పినారు. కానీ జావా మడ్‌గార్డులు చక్రాన్ని కప్పేట్టు లోతుగా ఉంటాయి. పెద్ద చక్రం పెడితే తగులుతుంది, బండి రూపమూ పోతుంది. అందుకని 16కే నిలబడినాము.

నాయనకి పాత రిమ్ములే ఉంచాలని ఆశ. “ఇవి మీ తాత తుడిచిన రిమ్ములురా” అన్నాడు. సరే, తుప్పు గీకి చూద్దామని కూర్చున్నాము. మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. తప్పు వెతకడమే అలవాటు కాబట్టి, 36 స్పోకు రంధ్రాలు ఒక్కొక్కటే టార్చి పెట్టి చూసినాము. వెనక రిమ్ములో రెండు రంధ్రాల చుట్టూ సన్నగా చీలిక. క్రోమ్ కింద లోహం పొరలు పొరలుగా రాలుతా ఉండాది.

నాయన ఏమీ అనలేదు. రెండు రోజులు షెడ్డు వైపే రాలేదు. ఆఖరికి అవ్వే, “మీ నాయన తుడిచింది రిమ్మునే కాదు, నిన్నూ చూసుకున్నాడు. పడిపోతే ఎవరికిరా?” అనింది. మరుసటి రోజు నాయనే డబ్బులు తీసిచ్చినాడు.

కొత్త రిమ్ము కొనేటప్పుడు రంధ్రాలు 36 ఉంటే చాలదు. జావా హబ్బు పెద్దది, స్పోకు పొట్టిది, వాలుగా వస్తుంది. రిమ్ము రంధ్రమూ ఆ వాలులోనే ఉండాలి, లేకుంటే నిప్పిల్ దగ్గర స్పోకు వంగి విరుగుతుంది. అందుకే హబ్బు సంచిలో వేసుకుని బెంగళూరు పోయినాము.

టైరు దగ్గర ఇంకొంచెం అయితే మోసపోయేవాళ్లం. అంగడతను నిగనిగలాడే టైరు చూపించినాడు. పక్కన అచ్చు 2311, అంటే 2011లో 23వ వారం. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. వద్దని, కొత్త తేదీది తెచ్చుకున్నాము.

స్పోకులు కట్టి బెండు తీసేది మాత్రం మాకు చేతకాదు. ఊళ్లో పాత మెకానిక్ భాయ్ కట్టిచ్చినాడు. లోపల నిప్పిళ్లు ట్యూబుని పొడవకుండా రబ్బరు పట్టీ వేసినాడు. కొంతదూరం తిరిగినాక స్పోకులు సర్దుకుంటాయి, మళ్లీ తెచ్చి బిగించుకోండి అన్నాడు.

ముందు రిమ్ము నాయన పారేయనియ్యలేదు. నూనె పూసి అటక మీద పెట్టినాడు. బండి మీద తాత ఫోటో ఎవరింట్లో అయినా ఉంటే పంపండి, ఆయప్పకి చూపించాలి.